ఆఫ్‌సైడ్ తేల్చే ఐఫోన్లు, గోల్ తేల్చలేకపోయిన నా ఫోన్

మా ఏరియా టర్ఫ్ టోర్నమెంట్ సెమీఫైనల్లో నేను ఒక గోల్ ఇచ్చాను. నేను రిఫరీని కాదు. ఫోన్ రివ్యూలు రాస్తాను కాబట్టి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక కొత్త ఫోన్ ఉంటుంది. ట్రైపాడ్ పెట్టి మ్యాచ్ రికార్డ్ చేయమంటే చేశాను, అంతే నా పని. ఆఖరి నిమిషాల్లో స్కోరు 2-2. ఒక షాట్‌ని కీపర్ కుర్రాడు మోకాలి ఎత్తులో రెండు చేతులతో పట్టుకున్నాడు. లైన్ మీద పట్టుకున్నాడా, లైన్ దాటాక పట్టుకున్నాడా? ఒక టీమ్ గోల్ అని అరిచింది, ఇంకో టీమ్ కాదని అరిచింది. రిఫరీ కూడా మాలాంటివాడే, కాకపోతే ఈల అతని దగ్గరుంది. కాసేపు అటూ ఇటూ చూసి నా వైపు తిరిగాడు. "బ్రో, వీడియో ఉంది కదా. చూసి చెప్పు."

చూశాను. పాజ్ చేశాను. జూమ్ చేశాను. తెల్ల గీతకీ బంతికీ మధ్య పచ్చటి టర్ఫ్ క్లియర్‌గా కనిపించింది. గోల్ అన్నాను. 3-2, మ్యాచ్ అయిపోయింది. డిగ్రీ సెకండియర్ చదివే ఆ కీపర్ నా దగ్గరకొచ్చి ఒకటే అడిగాడు. "అన్నా, నా కాళ్లు లైన్ ముందే ఉన్నయ్. బాల్ నా చేతుల్ల ఉంది. లోపలికి ఎట్ల పోతది?" నేను స్క్రీన్ చూపించాను. స్క్రీన్ చూశాక వాడు ఇంకేం మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత గ్రూప్‌లో ఇంకో క్లిప్ వచ్చింది. గోల్ పోస్ట్‌కి సరిగ్గా పక్కన, ఫెన్స్ బయట నిలబడి ఎవరో వాళ్ల తమ్ముడి కోసం తీసుకున్నది. పాత ఫోన్, 30 ఎఫ్‌పీఎస్, వణుకుతున్న చెయ్యి. అందులో బంతి సగం గీత మీదే ఉంది. ఫుట్‌బాల్‌లో బంతి మొత్తం, గీత మొత్తాన్ని దాటితేనే గోల్. ఫైనల్ అప్పటికే అయిపోయింది.

నా ఫోన్ 4కే, 60 ఎఫ్‌పీఎస్, సూపర్ స్టెబిలైజేషన్. వాళ్లది నాలుగేళ్ల కిందటి బడ్జెట్ ఫోన్. కరెక్ట్ చెప్పింది వాళ్లది. ఈ విషయం నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. అప్పటి నుంచి వీఏఆర్ గురించి, అంటే ఫుట్‌బాల్‌లో వీడియో చూసి నిర్ణయాలు సరిచేసే వీడియో అసిస్టెంట్ రిఫరీ సిస్టమ్ గురించి, ఒక గాడ్జెట్‌ని రివ్యూ చేసినట్టే చదవడం మొదలుపెట్టాను. స్పెక్స్ ఏంటి, నిజంగా వాడితే ఎలా ఉంది, ఎక్కడ దెబ్బతింటుంది అని.

కెమెరా మంచిదే, నిలబడ్డ చోటే తప్పు

ముందు నా తప్పు సంగతి. నా ట్రైపాడ్ గోల్ లైన్‌కి సూటిగా లేదు. గ్రౌండ్ లోపలి వైపు మూడు నాలుగు మీటర్లు జరిగి, ఏటవాలుగా గోల్ వైపు చూస్తోంది. పైగా నా ఛాతీ ఎత్తులో ఉంది. అలా పైనుంచి ఏటవాలుగా చూసినప్పుడు గాల్లో ఉన్న వస్తువు నేల మీద దానికి చాలా వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. బంతి నేలమీద ఉండుంటే నా వీడియో కాస్త నిజం చెప్పేదేమో. మోకాలి ఎత్తులో ఉంది కాబట్టి నాకు కనిపించిన ఆ "పచ్చ గ్యాప్" ఉత్త భ్రమ. దీన్నే పారలాక్స్ అంటారు. ఎంత జూమ్ చేసినా పోదు, 8కేలో తీసినా పోదు. ఇంకో కెమెరా ఇంకో చోట నుంచి చూస్తేనే పోతుంది.

ఫుట్‌బాల్ పెద్దలకి ఈ పాఠం చాలా ఖరీదుగా వచ్చింది. 2010 జూన్ 27న సౌతాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో ఇంగ్లాండ్, జర్మనీ ఆడుతున్నాయి. ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి గీత లోపల పడి బయటికొచ్చింది. టీవీ చూస్తున్న ప్రపంచమంతా గోల్ అని చూసింది, రిఫరీ మాత్రం చూడలేదు. ఇంగ్లాండ్ 4-1తో ఓడింది. యూరో 2012లో ఉక్రెయిన్‌కి అలాంటి దెబ్బే తగిలింది, ఈసారి లాభపడింది ఇంగ్లాండ్. ఆ వెంటనే 2012 జులైలో రూల్స్ రాసే సంస్థ ఐఫాబ్ గోల్ లైన్ టెక్నాలజీకి ఓకే చెప్పింది.

2013-14 నుంచి ప్రీమియర్ లీగ్ వాడుతున్నది హాక్-ఐ సిస్టమ్. అవును, మన క్రికెట్ ఎల్బీడబ్ల్యూల్లో చూసే హాక్-ఐనే. ఒక్కో గోల్‌కి 7 కెమెరాలు. బంతి గీత దాటిన సెకనులోపే రిఫరీ వాచ్ వైబ్రేట్ అవుతుంది. స్మార్ట్‌వాచ్ నోటిఫికేషన్‌కి ఇంతకన్నా మంచి వాడకం నేనెక్కడా చూడలేదు. ఆట ఆగదు, వాదన ఉండదు.

అదీ ఒకసారి మోసం చేసింది. 2020 జూన్ 17, ఆస్టన్ విల్లా వర్సెస్ షెఫీల్డ్ యునైటెడ్. కరోనా లాక్‌డౌన్ తర్వాత లీగ్ మళ్లీ మొదలైన మొదటి మ్యాచ్. ఒక ఫ్రీ కిక్‌ని విల్లా కీపర్ నైలాండ్ పట్టుకుని, ఆ ఊపులో బంతితో సహా గీత దాటి లోపలికి వెళ్లిపోయాడు. రిఫరీ మైకేల్ ఆలివర్ వాచ్ చూసుకున్నాడు. వాచ్ మోగలేదు. కీపర్, డిఫెండర్, గోల్ పోస్ట్ కలిసి 7 కెమెరాలకీ బంతిని కప్పేశాయని హాక్-ఐ తర్వాత చెప్పి, క్షమాపణ కోరింది. 9,000కి పైగా మ్యాచ్‌లలో అలా ఎప్పుడూ జరగలేదట. విచిత్రమేంటంటే, వీఏఆర్ గది ఆ రోజు కూడా పనిచేస్తోంది. వాళ్లు రీప్లే చూసి చెప్పొచ్చు, చెప్పలేదు. వాచ్ మోగలేదంటే గోల్ కాదనే కదా అని అందరూ మెషిన్‌ని నమ్మేశారు. మ్యాచ్ 0-0. సీజన్ చివర విల్లా ఒకే ఒక్క పాయింట్ తేడాతో లీగ్‌లో నిలబడింది, 34 పాయింట్లతో బోర్న్‌మౌత్ కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ ఒక్క పాయింట్ ఎక్కడిదో మీరే లెక్కేసుకోండి.

ఒక ఫ్రేమ్ అంటే ఎంత దూరం?

గోల్ లైన్ సంగతి తేలికే, గీత కదలదు కాబట్టి. ఆఫ్‌సైడ్‌లో గీతే పరిగెడుతుంది. అటాకర్ పరిగెడతాడు, డిఫెండర్ పరిగెడతాడు, వీళ్లిద్దరికీ దూరంగా ఎక్కడో మూడోవాడు బంతిని తన్నిన క్షణాన్ని పట్టుకోవాలి. రూల్ ప్రకారం కాలు బంతికి తగిలిన మొదటి క్షణం అది.

యూరప్ టీవీ కెమెరా మామూలుగా సెకనుకి 50 ఫ్రేమ్‌లు తీస్తుంది. అంటే ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 20 మిల్లీసెకన్లు. సెకనుకి 8 మీటర్ల స్పీడ్‌తో వెళ్లే ఆటగాడు ఆ గ్యాప్‌లో 16 సెంటీమీటర్లు కదులుతాడు. డిఫెండర్ ఎదురుగా పైకి వస్తుంటే తేడా అంతకు అంత. 2019 నవంబర్‌లో విల్లా మీద లివర్‌పూల్ ఆటగాడు ఫిర్మినో గోల్‌ని చంక దగ్గర ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు గుర్తుందా? చేత్తో గోల్ కొట్టకూడదు కాబట్టి చెయ్యి లెక్కలోకి రాదు, భుజం వస్తుంది, అందుకే గీత చంక దగ్గర గీశారు. స్కేల్ మీద 16 సెంటీమీటర్ల వరకు జరిగే అవకాశం ఉండగా, దానితో సెంటీమీటర్లు కొలిచి "ఇది ఫ్యాక్ట్" అన్నారు.

నమ్మకం కుదరక ఒక ఆదివారం పొద్దున అదే టర్ఫ్‌లో టెస్ట్ చేశాను. ఫ్రెండ్‌ని పది కిక్‌లు కొట్టమని మూడు ఫోన్లు పెట్టాను. కాలు బంతిని తాకి ఉండేది సుమారు 10 మిల్లీసెకన్లే. 30 ఎఫ్‌పీఎస్‌లో పది కిక్‌లకి మూడింటిలోనే కాలూ బంతీ అంటుకున్న ఫ్రేమ్ దొరికింది. మిగతావాటిలో ఒక ఫ్రేమ్‌లో కాలు ఇంకా రాలేదు, తర్వాతి ఫ్రేమ్‌లో బంతి అప్పటికే వెళ్లిపోయింది. 60లో ఆరు దొరికాయి. 240లో పదికి పది. అదే టెస్ట్ రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద చేస్తే 240 ఎఫ్‌పీఎస్ వీడియో నిండా లైట్ చారలే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఇంకో తలనొప్పి రోలింగ్ షట్టర్. ఫోన్ సెన్సార్ పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కో వరుస చదువుకుంటూ వస్తుంది. అందువల్ల ఒకే ఫ్రేమ్‌లో పైన కనిపించేదీ కింద కనిపించేదీ కచ్చితంగా ఒకే క్షణం కాదు.

ఇప్పుడు అసలు మజా. 2025 ఏప్రిల్ 12న ప్రీమియర్ లీగ్ సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ మొదలుపెట్టింది. జీనియస్ స్పోర్ట్స్ అనే కంపెనీ తయారుచేసిన ఆ సిస్టమ్ పేరు డ్రాగన్. డ్రాగన్ కళ్లు ఏంటో తెలుసా? ఐఫోన్లు. ఐఫోన్ 14, ఆ పై మోడళ్లు. స్టేడియానికి కనీసం 28 ఫోన్లు పెట్టాలన్నది వాళ్ల ప్లాన్. వాటర్‌ప్రూఫ్ కేసుల్లో, కూలింగ్ ఫ్యాన్లు బిగించి, ఎప్పుడూ కరెంటుకి తగిలించి, నాలుగేసి ఫోన్ల వరకు గుత్తిగా వేలాడదీస్తారు. 200 ఎఫ్‌పీఎస్ వరకు తీయగలిగినా, లాటెన్సీ, ఖర్చు చూసుకుని 100 దగ్గర ఆపాలనుకున్నారు. ఒక్కో ఆటగాడి ఒంటి మీద 7,000 నుంచి 10,000 పాయింట్లు గుర్తించి త్రీడీ బొమ్మ కడుతుంది.

2022 ఖతార్ వరల్డ్ కప్‌లో ఫిఫా ఇంకో దారి పట్టింది. స్టేడియం పైకప్పు కింద 12 ట్రాకింగ్ కెమెరాలు, ఆటగాడికి 29 పాయింట్లు, సెకనుకి 50 సార్లు. కానీ కిక్ క్షణాన్ని పట్టుకునే పని కెమెరాకి ఇవ్వలేదు. బంతి లోపల సెకనుకి 500 సార్లు డేటా పంపే మోషన్ సెన్సార్ పెట్టారు. అంటే 2 మిల్లీసెకన్లకి ఒకసారి. మొదటి మ్యాచ్ మూడో నిమిషంలోనే ఈక్వెడార్ కొట్టిన గోల్‌ని ఇది పట్టేసింది. ప్రీమియర్ లీగ్ బంతిలో అలాంటి చిప్ లేదు, అందుకే వాళ్లకి ఫ్రేమ్ రేట్ అంత ముఖ్యం. రెండింట్లో నాకు ఏది నచ్చిందంటే బంతిలో చిప్ పద్ధతే. కొలవాల్సినది ఎక్కడ ఉందో అక్కడే సెన్సార్ పెట్టడం ఎప్పుడూ మంచి ఇంజినీరింగ్. కానీ ఫోన్ రివ్యూయర్‌గా ఒక మాట ఒప్పుకోవాలి, మనం రీల్స్ తీసుకునే ఫోన్‌తో స్టేడియంలో కోట్ల రూపాయల నిర్ణయాలు తీసుకోవడం చూస్తే భలే గర్వంగా ఉంటుంది.

"సెమీ" అన్న మాట మార్కెటింగ్ కాదు. కిక్ క్షణం కరెక్టేనా, గీత ఎవరి ఏ భాగం మీద పడింది, ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు ఆటలో జోక్యం చేసుకున్నాడా అనేది మనిషే చూసి ఓకే చేయాలి. గుంపు ఎక్కువైతే డ్రాగన్ కూడా చేతులెత్తేస్తుంది. లీగ్‌లోకి రాకముందు 2025 మార్చి 1న ఎఫ్ఏ కప్‌లో బోర్న్‌మౌత్, వుల్వ్స్ మ్యాచ్‌లో ఒక కార్నర్ కిక్ దగ్గర సరిగ్గా అదే జరిగింది. ఒకరి మీద ఒకరు పడ్డ ఆటగాళ్లని విడదీయలేక, మళ్లీ పాత పద్ధతిలో చేత్తో గీతలు గీశారు. మొత్తం చెక్‌కి సుమారు 8 నిమిషాలు పట్టి, చివరికి బోర్న్‌మౌత్ గోల్ రద్దయింది. పాపం, మళ్లీ బోర్న్‌మౌతే! ఈసారి షూటౌట్‌లో గెలిచి బయటపడ్డారు.

గీత కరెక్ట్, నిర్ణయం తప్పు

టెక్నాలజీ అభిమానులు తప్పకుండా తెలుసుకోవాల్సిన మ్యాచ్ మాత్రం 2023 సెప్టెంబర్ 30, టాటెన్‌హామ్ వర్సెస్ లివర్‌పూల్. అందులో కెమెరా తప్పు లేదు, ఫ్రేమ్ తప్పు లేదు, గీత తప్పు లేదు.

స్కోరు 0-0. లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. అసిస్టెంట్ రిఫరీ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్. వీఏఆర్ గదిలో గీతలు గీశారు, చాలా త్వరగా తేలిపోయింది, డియాజ్ ఆన్‌సైడ్. వీఏఆర్ అధికారి "చెక్ కంప్లీట్" అన్నాడు. అతని మనసులో ఏముందంటే, గ్రౌండ్‌లో గోల్ ఇచ్చారు, మనం కూడా గోల్ అన్నాం, సరిపోయింది. గ్రౌండ్‌లో రిఫరీకి వినిపించింది వేరే. నేను ఆఫ్‌సైడ్ ఇచ్చాను, చెక్ కంప్లీట్ అన్నారు, అంటే ఆఫ్‌సైడే. ఫ్రీ కిక్ తీసుకుని ఆట మొదలైపోయింది. గదిలో రీప్లే ఆపరేటర్‌కి మొదట అనుమానం వచ్చింది, ఆట ఆపమన్నారు కూడా. కానీ ఆట మళ్లీ మొదలైతే వెనక్కి వెళ్లకూడదన్నది ప్రోటోకాల్. తర్వాత బయటపెట్టిన ఆడియో వింటే ఆ కొన్ని సెకన్లు ఒళ్లు జలదరిస్తుంది. తప్పు జరిగిందని గదిలో అందరికీ తెలుసు, ఎవరూ ఏం చేయలేరు. తొమ్మిదిమందితో ఆడిన లివర్‌పూల్ ఇంజురీ టైమ్‌లో సెల్ఫ్ గోల్‌తో 2-1తో ఓడింది. మ్యాచ్ మళ్లీ ఆడించాలన్నాడు కోచ్ క్లాప్. ఆడించలేదు.

ఇది నాకు పక్కా యూఐ బగ్‌లా కనిపిస్తుంది. "చెక్ కంప్లీట్" అనే బటన్‌కి రెండు అర్థాలున్నాయి, నొక్కినవాడికి ఒకటి, చూసినవాడికి ఇంకొకటి. మన ఫోన్‌లో "క్యాన్సిల్ చేయాలా?" అని అడిగి, కింద "ఓకే", "క్యాన్సిల్" ఇస్తే ఎలా తిక్కరేగుతుందో అదే. ఆ తర్వాత రిఫరీల సంస్థ పద్ధతి మార్చింది. వీఏఆర్ తన నిర్ణయాన్ని ముందు పక్కనున్న అసిస్టెంట్‌తో కన్ఫర్మ్ చేసుకుని, అప్పుడే గ్రౌండ్‌కి చెప్పాలి. కొత్త కెమెరా కాదు, ఒక కన్ఫర్మేషన్ డైలాగ్. దానికి ఒక మ్యాచ్ పోవాల్సి వచ్చింది.

డబ్బులిచ్చి స్టేడియంలో కూర్చున్న అభిమానికైతే చాలా ఏళ్లు ఆ డైలాగ్ కూడా లేదు. ఏం చెక్ చేస్తున్నారో, ఎందుకు రద్దు చేశారో తెలియక నిలబడేవాడు. 2023 మహిళల వరల్డ్ కప్‌లో రిఫరీలు మైక్‌లో నిర్ణయం చెప్పడం చూశాం. ఇంగ్లాండ్‌లో అది 2025 జనవరిలో కారబావో కప్ సెమీస్‌లో మొదలై, 2025-26లో ప్రీమియర్ లీగ్‌కి వచ్చింది. ఈ కోపం చిన్నది కాదు. 2024లో వుల్వ్స్ వీఏఆర్ తీసేయాలని తీర్మానం పెట్టింది, ఓటింగ్‌లో 19-1తో ఓడింది. స్వీడన్‌లో క్లబ్బులు మాకొద్దని అసలు మొదలే పెట్టలేదు. నార్వేలోనైతే 2024 జులైలో అభిమానులు నిరసనగా గ్రౌండ్ మీదకి చేప కట్లెట్లు విసిరి మ్యాచ్ ఆపించారు. చేప కట్లెట్లు! అవి తినేవి కదా నాయనా.

ప్రీమియర్ లీగ్ లెక్క ప్రకారం వీఏఆర్ వచ్చాక కరెక్ట్ నిర్ణయాలు 82 శాతం నుంచి 96 శాతానికి పెరిగాయి. ఆ లెక్కని నేను కొట్టిపారేయను. లాంపార్డ్‌ని అడగండి. నాకున్న గొడవ వేరే. మనకి క్రికెట్‌లో "అంపైర్స్ కాల్" ఉంది. ఎల్బీడబ్ల్యూలో బంతి సగం కన్నా తక్కువ వికెట్లకి తగులుతుందని ట్రాకింగ్ చెబితే అంపైర్ నిర్ణయమే నిలుస్తుంది, రివ్యూ కూడా పోదు. దాన్ని మనం ఎన్ని బూతులు తిట్టినా, అందులో ఒక నిజాయితీ ఉంది. ఇక్కడిదాకే నాకు తెలుసు, ఆపైన మనిషిని అడుగు అని మెషిన్ ఒప్పుకుంటుంది. ఫుట్‌బాల్ ఆ పని సగం సగంగా చేసింది. 2021-22లో ప్రీమియర్ లీగ్ గీతలు లావు చేసి, రెండూ కలిస్తే ఆన్‌సైడ్ అంది. యూరో 2024లో జర్మనీ మీద డెన్మార్క్ గోల్ డెలానీ బూటు కొన వల్ల రద్దయింది. కాసేపటికే బంతిలోని చిప్ చూపించిన చిన్న టచ్‌తో అదే గోల్ కొట్టిన ఆండర్సన్ మీద హ్యాండ్‌బాల్ పెనాల్టీ. డెన్మార్క్ 2-0తో ఇంటికి. కోచ్ యుల్మాండ్ ప్రెస్ మీట్‌కి తన ఫోన్‌లో ఆ ఆఫ్‌సైడ్ బొమ్మ పట్టుకొచ్చి, సెంటీమీటర్ తేడా అన్నాడు.

మళ్లీ టర్ఫ్‌కి

ఇన్ని కెమెరాలు మనలాంటివాళ్లకి కుదరవు. ఫిఫా కూడా అది గుర్తించి 2024 మహిళల అండర్-20 వరల్డ్ కప్‌లో ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అని ఒక చవక వెర్షన్ ట్రై చేసింది. ప్రత్యేకంగా వీఏఆర్ గది ఉండదు. కోచ్‌కి రెండు ఛాలెంజ్‌లు, అచ్చం డీఆర్ఎస్‌లా. గెలిస్తే ఛాలెంజ్ పోదు. రిఫరీయే వెళ్లి స్క్రీన్ చూస్తాడు. ప్రో వెర్షన్ పక్కన లైట్ వెర్షన్ అన్నమాట.

మేం దాన్నే ఇంకా లైట్ చేశాం. కొత్త టోర్నమెంట్‌కి రూల్స్ కాగితం మీద రాసుకున్నాం. రెండు గోల్స్‌కీ ఒక్కో ఫోన్, గోల్ లైన్‌కి సరిగ్గా సూటిగా, ఫెన్స్‌కి క్లాంప్ చేసి. ఎత్తు కీపర్ మోకాలంత. టీమ్‌కి ఒక ఛాలెంజ్. వీడియో రిఫరీ మాత్రమే చూస్తాడు, నేను చూడను. ఒక నిమిషంలో తేలకపోతే గ్రౌండ్‌లో ఇచ్చిందే నిలుస్తుంది. వీడియో ఆపేముందు "నేను ఇచ్చింది గోల్" లేదా "గోల్ కాదు" అని రిఫరీ గట్టిగా చెప్పాలి. ఆ చివరి రూల్ నాదే, డియాజ్ పుణ్యం.

సెమీఫైనల్లో ఓడిన టీమ్‌కి ఆ రోజే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. పెద్దగా ఏం అనలేదు. "అయిపోయింది లే అన్నా" అన్నారు, అది ఇంకా బాధగా ఉంటుంది. కొత్త టోర్నమెంట్ మొదటి రోజు నేను ఫెన్స్‌కి క్లాంప్ బిగిస్తుంటే ఆ కీపర్ కుర్రాడు గ్లోవ్స్ తొడుక్కుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. స్క్రీన్‌లోకి వంగి చూశాడు, గోల్ లైన్ ఫ్రేమ్ మధ్యలో ఒకే సన్నటి గీతలా ఉందో లేదో చూసుకున్నాడు.

"కొంచెం ఎడమకి, అన్నా," అన్నాడు.

జరిపాను.